కమ్మటి పెరుగుకు పంచదార ఎందుకు?

పెరుగు పులిసిన రోజే పంచదార డబ్బా మూత తెరుచుకుంటుంది. కమ్మగా తోడుకున్న గడ్డపెరుగును పిల్లలు ఉత్తదే చెంచాతో తినేస్తారు. అదే గిన్నె సాయంత్రానికి పులిస్తే రెండు చెంచాల పంచదార పడితే గానీ ముట్టరు. అంటే అక్కడ పంచదార చేసే పని పులుపును కప్పిపెట్టడమే. పెరుగును సరిగ్గా కుదిర్చుకుంటే ఆ రెండు చెంచాలూ మిగులుతాయి. తీపి మానేయమంటూ జనాన్ని భయపెట్టడం కన్నా ఈ దారి ఇళ్ళలో ఎక్కువ పనికొస్తుంది.

రెండు చెంచాలు చిన్న లెక్క కాదు. రోజుకు 2000 కెలోరీలు తినే మనిషి పంచదారలాంటి తీపి పదార్థాలను 50 గ్రాములకు మించనివ్వకూడదని, 25 గ్రాముల లోపు ఉంచితే ఇంకా మేలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 25 గ్రాములంటే ఆరు టీ చెంచాలు. పొద్దున రెండుసార్లు కాఫీ తాగితేనే అందులో సగం దాకా అయిపోతుంది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది.

పాలకు సహజంగా ఉండే తీపి లాక్టోజ్‌ది. తోడులోని సూక్ష్మజీవులు దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పెరుగు గడ్డకట్టాక కూడా వెచ్చదనం ఉన్నంతసేపూ వాటి పని సాగుతూనే ఉంటుంది. మే నెలలో రాత్రి ఎనిమిదింటికి తోడేసి తెల్లారేదాకా గట్టు మీద వదిలేస్తే పెరుగు పులవక ఏం చేస్తుంది? కాచిన పాలు చిటికెనవేలు ముంచితే చురుక్కుమనకుండా వెచ్చగా తగిలేదాకా ఆరాలి. తోడుకు పులవని పెరుగే వాడాలి, వేసవిలో దాన్నీ తగ్గించాలి. పడుకోబోయే ముందు తోడుపెట్టి, లేవగానే గిన్నె కదపకుండా ఫ్రిజ్‌లోకి జరిపితే పైన మీగడ విరగకుండా, లోపల తేట ఊరకుండా నిలుస్తుంది. అప్పటికే పులిసిందనుకోండి, పలుచని గుడ్డలో మూటకట్టి గంటసేపు వేలాడదీస్తే తేటతోపాటు పులుపూ కొంత దిగిపోతుంది. మిగిలిన ముద్దలో కాసిని పాలు కలిపితే మళ్ళీ కమ్మదనం వస్తుంది. మరో సంగతి: మరీ చల్లటి పదార్థంలో తీపి నాలుకకు సరిగా తెలియదు. అందుకే తినడానికి పావుగంట ముందే గిన్నె బయటపెట్టుకోవాలి.

ఇక తీపి కావాలంటే పండు ఉంది. పెరుగన్నంలో మామిడిపండు నంజుకోవడం తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. పొద్దుటి ఫలహారానికీ ఆ అలవాటునే తేవచ్చు. తడిపిన అటుకుల్లో పెరుగు పోసి, తొక్క మీద నల్లచుక్కలు పడిన అమృతపాణి గానీ చక్కెరకేళి గానీ చిదిమి, చిటికెడు యాలకుల పొడి చల్లితే పంచదార ఊసే రాదు. ముగ్గే కొద్దీ అరటిపండులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, ఆ తీపంతా దానిదే. పండును పండుగా తింటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులోకి ఆ తీపి రాదు. రసం తీస్తే వస్తుంది, తేనె అయితే తప్పకుండా వస్తుంది. మధుమేహం ఉన్నవాళ్ళు మాత్రం పండుకూ కొలత పెట్టుకోవాలి.

బెల్లం దగ్గర చాలామంది మోసపోతున్నారు. రాగిజావలో రెండు పెద్ద ముక్కలు వేసి ఆరోగ్యమనుకుంటారు. బెల్లంలో ఇనుము కాస్త ఉన్నా అత్యధిక భాగం చక్కెరే. పండగపూట బెల్లం అట్టు తినడంలో తప్పేమీ లేదు. రోజూ తాగే జావకు మజ్జిగ, ఉప్పు చాలు.

నాలుక మారుతుందా అన్న ప్రశ్నకు అమెరికాలోని మోనెల్ పరిశోధన కేంద్రం 2016లో కొంత సమాధానం చెప్పింది. మూడు నెలలు తీపి బాగా తగ్గించి తిన్నవాళ్ళకు ఒకే పుడ్డింగ్ తగ్గించనివాళ్ళకన్నా తియ్యగా తోచింది. అయితే దాని మీద ఇష్టం మారలేదు, మామూలు తిండికి రాగానే నాలుకా పాత దారి పట్టింది. అందుకే నోరు కట్టేసుకునే ప్రయత్నాలు నిలబడవు. తీసేసిన పంచదార చోట పండో, మీగడో, యాలకుల వాసనో ఉండాలి.

ఇంటి గిన్నె ఇంటివాళ్ళ చేతిలో ఉంది. కొట్టులో దొరికే పండ్ల రుచుల పెరుగు కప్పు సంగతి వేరు. ఉత్త పెరుగులోనూ వంద గ్రాములకు నాలుగు గ్రాముల దాకా పాల చక్కెర ఉంటుంది, దాంతో ఇబ్బంది లేదు. కప్పు వెనక వంద గ్రాములకు మొత్తం చక్కెర పద్నాలుగు గ్రాములని ఉంటే మిగతా పదీ దాదాపు కలిపినవే. చదవాల్సింది ‘కలిపిన చక్కెర’ అన్న వరుస. బ్రెడ్డు మీద రాసే జామ్ కూడా అంతే. మన ఆహార ప్రమాణాల ప్రకారం అందులో కరిగిన పదార్థం కనీసం 65 శాతం ఉండాలి, అందులో అధిక భాగం చక్కెరే.

తగ్గించడం తయారీదారులకు చేతకాని పనేమీ కాదు. బ్రిటన్‌లో 2015-2020 మధ్య అక్కడి ప్రభుత్వం అడగ్గా పెరుగు రకాల్లో సగటున 13.5 శాతం, సీరియల్స్‌లో 14.9 శాతం చక్కెర తగ్గింది. అన్ని పదార్థాలూ కలిపి చూస్తే మాత్రం 20 శాతం లక్ష్యానికి 3.5 శాతమే తగ్గింది, ఎందుకంటే అది అడగడమే తప్ప చట్టం కాదు. చిలీ 2016 నుంచి చక్కెర హద్దు దాటిన ప్యాకెట్ల ముందువైపు నల్లటి ఎనిమిది మూలల ముద్ర తప్పనిసరి చేసింది. ఇక్కడా చట్టమే రావాలి. కప్పు మీద మామిడిపండు బొమ్మ పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఇందులో కలిపిన పంచదార ఎన్ని చెంచాలో రాయించాలి.