అస్థివైకల్యమును గుర్తించుట యెప్పుడు?

కాళ్ళు వంకరపోయిన బిడ్డను జూచి నల్లగొండ ప్రాంతమున ఫ్లోరైడు నీటిని, తక్కినచోట్ల పోషణలోపమును నిందించుట మనకు అలవాటు. పొట్టిగా నున్న బిడ్డను జూచి మేనత్త పోలిక యని సరిపెట్టుకొనుటయు నంతే. ఆ యూహలు కొన్నిచోట్ల నిజమే. కాని ఎముకల పెరుగుదలను శాసించు జన్యువుల లోపమువలన గలుగు వ్యాధులు, 2023 నాటి అంతర్జాతీయ వర్గీకరణలో 771 గా లెక్కకు వచ్చినవి, ఆ యూహల చాటున చిరకాలము దాగియుండగలవు. వానిని వెలికిదీయుటకు తొలి సాధనము ఖరీదైన జన్యుపరీక్ష గాదు, బిడ్డ పెరుగుచుండగనే తీయించిన ఎక్స్‌రే చిత్రములని నా యభిప్రాయము.

1975 ప్రాంతమున కర్ణాటకలోని షిమోగా జిల్లా హందిగోడు గ్రామమున, తుంటినొప్పులతో నిరుపేద కూలీలు నడువలేకపోవుట బయటపడినప్పుడు, పురుగుమందు చల్లిన పొలములలోని పీతలను తినుటయే కారణమని మొదట ప్రచారము సాగెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అచ్చటికేగి, అది కుటుంబములవెంట నడచు కీళ్ళజబ్బని నిర్ణయించిరి. (నల్లగొండ బిడ్డల మోకాళ్ళ వంకరకును ఫ్లోరైడుకును గల సంబంధమును 1973లో లోకమునకు దెలిపినదియు నా సంస్థవారే.) తరువాతి పరిశోధకులు వెన్నుపూసల చిత్రములను, తుంటి చిత్రములను కుటుంబమువారీగా పరిశీలింపగా, కీళ్ళ యరుగుదల పైకి గనబడు ఫలితమే గాని, పూసలును ఎముకల కొసలును సరిగా రూపొందకపోవుటయే మూలమనియు, తల్లిదండ్రులలో నొకరికున్నను బిడ్డకు రావచ్చుననియు తేలినది.

వంశములో నెవ్వరికిని లేదుగదా యను ధీమాయు నిలువదు. అకాండ్రోప్లేసియా యను మరుగుజ్జుతనముతో బుట్టు బిడ్డలలో నైదింట నలుగురి తల్లిదండ్రులు సామాన్యమైన యెత్తుగలవారే. దాని జన్యువు 1994లో దొరకినది గాని, అంతకు దశాబ్దముల ముందే వైద్యులు దానిని నడుము చిత్రములో గుర్తించుచుండిరి: వెన్నుగొట్టము క్రిందికి బోయినకొలది సామాన్యముగా వెడల్పగును, వీరికి ఇరుకగును. ఇక మేనరికములలో తరచు బయటపడు మరియొక జబ్బున్నది. మూడేండ్లో యెనిమిదేండ్లో నిండువఱకు ఆరోగ్యముగా నున్న బిడ్డకు వ్రేళ్ళ కీళ్ళు లావై బిగిసికొనిపోవును, కీళ్ళవాతమని ఏండ్లతరబడి స్టెరాయిడ్లు మ్రింగింతురు. వెన్నును ఒక్కసారి చిత్రము తీయించినచో, చదునైపోయిన పూసలు ఆ మందులు వ్యర్థమని చెప్పియుండును.

ఒక్క ఫిల్ములో దేహమంతటిని ఇమిడ్చి తీయుట చాలదు. పుఱ్ఱె, ఱొమ్ము, వెన్ను, కటి, ఒక చేయి, ఒక కాలు, అఱచేయి వేఱువేఱుగా గావలయును. యౌవనాంతమున ఎముకల కొసలయందలి మృదులాస్థి గట్టిపడి కలిసిపోయిన పిమ్మట, వ్యాధిని వ్యాధినుండి వేఱుచేయు గుర్తులు పెక్కు చెఱగిపోవును. అందుచేత చిన్ననాటి ఫిల్ములను ఆసుపత్రులు పారవేయక తల్లిదండ్రుల చేతికిచ్చుట, జిల్లా యాసుపత్రులలో వానిని చదువనేర్చిన వైద్యునికి పంపు నేర్పాటుండుట అవసరము. 2021లో అనుమతి పొందిన అకాండ్రోప్లేసియా మందును సైతము ఆ మృదులాస్థి మూసికొనకమునుపే యీయవలసియుండును.