పెద్దవారి ఆపరేషన్‌కు సంతకం ఎవరు పెట్టాలి?
డెబ్బై అయిదేళ్ల మనిషికి ఆపరేషన్ అనగానే అంగీకార పత్రం కొడుకు చేతికో కూతురి చేతికో వెళుతుంది. రోగి పూర్తి స్పృహతో పక్క మంచం మీదే ఉంటారు. దీన్ని అందరూ పిల్లల బాధ్యతగానే చూస్తారు కానీ చట్టం అలా చూడదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన 44 ఏళ్ల మహిళకు, బయట కూర్చున్న తల్లి ఒప్పుకున్నారని గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఆమె మెలకువలోకి వచ్చేదాకా ఆగాల్సిందని, తల్లి అంగీకారం చెల్లదని కోర్టు చెప్పింది. కూతురి బదులు తల్లి ఒప్పుకోవడమే చెల్లనప్పుడు, తెలివిగా ఉన్న తల్లి బదులు కొడుకు ఒప్పుకోవడం ఎలా చెల్లుతుంది? వయసు మీద పడినంత మాత్రాన నిర్ణయించుకునే శక్తి పోదు. వినికిడి తగ్గితే, చూపు మందగిస్తే మారాల్సింది చెప్పే తీరు. చెవి మిషన్ పెట్టించి, కళ్లద్దాలు ఇచ్చి, ఎదురుగా కూర్చుని, వారి భాషలో నెమ్మదిగా చెప్పాలి. ఆపరేషన్‌తో ఒరిగేదేమిటి, ముప్పు ఏమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, వేరే దారి ఉందా అన్నవి అర్థమయ్యాయో లేదో వారి నోటితోనే చెప్పించుకోవాలి. మతిమరుపు జబ్బు మొదలైనవారు కూడా చాలా విషయాల్లో తమ ఇష్టం చెప్పగలరు. అన్నీ విన్నాక వారు ‘వద్దు’ అంటే, ఎంత కష్టమైనా ఆ మాటకు విలువ ఇవ్వాల్సిందే. ఇంట్లో పెద్దవారున్న ప్రతి ఒక్కరికీ ఒకటే విన్నపం: ఆ కాగితం మీ చేతికి వచ్చినప్పుడు సంతకం పెట్టకండి, డాక్టరును వారి మంచం దగ్గరికి తీసుకెళ్లండి.