గోటితో పోయేదానికి గొడ్డలా?

అన్ని పనులకీ ఒక్కటే వస్తువు ఉంటే చాలుననే వెర్రి మన ఇళ్లలో మగవాళ్లకి ఎప్పుడు పట్టుకుందోగానీ గట్టిగానే పట్టుకుంది. వంటింట్లో ఈ వెర్రి చెల్లదు. పప్పు ఉడికే గిన్నె వేరు, పులుసు కాగే గిన్నె వేరు, అట్ల పెనం వేరు. అట్లకాడతో చారు కలిపే ఇల్లాలిని నేనింతవరకూ చూడలేదు. వండే మనిషే గిన్నెలు ఎంచుకుంటుంది గనక ఏ పనికి ఏది కావాలో ఆవిడకి తెలుసు. పెరట్లోకి వచ్చేసరికి ఈ తెలివి ఎటుపోతుందో! గడ్డి కోయడం, క్రోటన్లు కత్తిరించడం, కొమ్మలు నరకడం, మట్టి గుల్ల చెయ్యడం, ఆకులు ఊడ్చడం అన్నీ ఒక్క మిషనే చెయ్యాలిట! నిజానికి అన్ని పనులూ చేసే సాధనం ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండనే ఉంది. దానికి పెట్రోలు పొయ్యక్కర్లేదు. దాని నడుం ఎలా ఉందని ఎవరూ అడగరు. ఆ అలవాటు మీదనే కాబోలు, అలాంటిదే ఇంకోటి బజార్లో దొరుకుతుందని వీళ్ల ఆశ.

దొరుకుతోంది కూడాను. ఇప్పుడు ఏ ఊళ్లో పనిముట్ల షాపుకి వెళ్లినా గుమ్మంలోనే కనిపిస్తుంది. ఒక ఇంజను, దానికి ఒక పొడుగాటి గొట్టం, గొట్టంలో గిర్రున తిరిగే ఇనపకడ్డీ. కొసన తల మారుస్తూ ఉండాలి. నైలాను తీగ తల పెడితే గడ్డి కోస్తుంది. పళ్ల కత్తెర తల పెడితే కంచె మొక్కలు కత్తిరిస్తుంది. చిన్న రంపం తల పెడితే దోటిలాగా పైకెత్తి కొమ్మ కోయొచ్చు. గోళ్ల చక్రాలు తగిలిస్తే మట్టి తిరగేస్తుంది.

"ఒకటి కొంటే ఐదు కొన్నట్టే మేడమ్" అన్నాడు షాపు కుర్రాడు.

"ఇంజను చెడిపోతే ఐదూ చెడిపోయినట్టేగా బాబూ?" అన్నాను.

ఆ అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. వాడి తప్పేముంది, వాడు అమ్మేవాడు. నా తగాదా కొనేవాళ్లతో.

మొట్టమొదట ఈ మిషన్ల పుట్టుక చూడండి. గడ్డి కోసే యంత్రానికి 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన పేటెంటు పుచ్చుకున్నాడు. బట్టల మిల్లులో ఉన్ని బట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూస్తే ఆయనకా ఆలోచన వచ్చిందిట. నైలాను తీగతో కోసే పద్ధతి 1971లో అమెరికాలో హ్యూస్టన్ ఊళ్లో జార్జి బలాస్ కనిపెట్టాడు. కారు కడిగే చోట గిరగిరా తిరిగే బ్రష్షులు చూసి, ఒక రేకు డబ్బాకి చేపల గాలపు తీగ కట్టి తిప్పి చూశాడు. చెట్ల మొదళ్ల చుట్టూ గడ్డి పోవాలి, బెరడుకి దెబ్బ తగలకూడదు అని ఆయన తాపత్రయం. ఇద్దరి కళ్లముందూ ఉన్నది లాను. తివాచీ పరిచినట్టు ఒకే రకం గడ్డి, ఒకే ఎత్తు.

మన పెరడు తివాచీ కాదు. ఒక మూల కరివేపాకు, ఒక మూల మునగ, నూతి దగ్గర అరటి, గోడ పక్క గోరింట, తులసికోట, మల్లెపొద, ఓపికుంటే రెండు మళ్లు తోటకూరా గోంగూరా. వీటిలో ఏ రెండిటికీ ఒకే కత్తి పనికిరాదు. గోంగూర గోటితో గిల్లేది. మల్లెకి చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేనే ఎండాకాలంలో విరగబూస్తుంది. ఆ కత్తిరింపు ప్రతి కొమ్మా చూసుకుంటూ చేతి కత్తెరతో చెయ్యాలి. మిషను పెట్టి సమంగా గొరిగేస్తే పొద మంగలిషాపు నుంచి వచ్చిన పిల్లాడిలా ఉంటుంది. అరటిబోదె మీద నైలాను తీగ ప్రయోగిస్తే ఆ నార పేగుల్లాగా తలకి చుట్టుకుంటుంది. మునగకొమ్మ పెళుసు, సగం తెగగానే తన బరువుకి తనే విరిగి, గొట్టం పట్టుకుని కింద నిలబడ్డవాడి నెత్తిన పడుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

బెరడు సంగతి చెప్పాలి. చెట్టు ఆకుల్లో తయారయ్యే ఆహారం వేళ్లకి దిగేది బెరడుకి ఆనుకుని ఉన్న పొరలోంచి. మొదలు చుట్టూ ఆ పొర తెగిపోతే పైన ఆకులు కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి, వేళ్లు మాత్రం ఆకలితో చస్తాయి. తరవాత చెట్టు పోతుంది. రెండేళ్ల మామిడిమొక్క చుట్టూ ఆ తీగ నాలుగుసార్లు తిప్పితే చాలు. చెదలు పట్టిందనీ, దిష్టి తగిలిందనీ, నీళ్లలో ఉప్పుందనీ ఇంటాయన తీరుబడిగా కారణాలు వెతుక్కుంటాడు. చెట్టు బెరడు కాపాడాలని ఒకాయన కనిపెట్టిన సాధనంతోనే మనం చెట్లని చంపుకుంటున్నాం! మొదలు చుట్టూ జానెడు దూరం గడ్డి చేత్తో పీకి నాలుగు ఎండాకులు పరిస్తే ఈ గొడవే లేదు.

ఇక దూరం లెక్క. ఈ మిషన్లతో వచ్చే చిన్న పుస్తకాల్లో, అది నడిచేటప్పుడు మనుషులూ జంతువులూ 15 మీటర్ల అవతల ఉండాలని రాసి ఉండడం మామూలు. 15 మీటర్లంటే దాదాపు 50 అడుగులు. మన స్థలం రెండు వందల గజాలు. ముప్ఫై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడుగు. ఇంటికి పోగా పెరడు ఎంత? పుస్తకంలో రాసినట్టు నడుచుకోవాలంటే మిషను మొదలుపెట్టగానే మనం వీధిలోకి వెళ్లాలి. పక్కింటివాళ్లు వాళ్ల పక్కింటికి వెళ్లాలి. పని జరిగినంతసేపూ వీధి వీధంతా తరలిపోవాలి. అలాంటి వస్తువుని "ఇంటి వాడకానికి" అని అమ్మడంలోనే మోసం ఉంది.

అన్నిటికన్నా నాకు మంట పుట్టించే విషయం ఇంకోటి ఉంది. ఈ మిషను ఎంచుకునేది ఎవరు, పట్టుకునేది ఎవరు? ఇంటాయన షాపులో పిక్చరు చూసి, గుర్రపు బలం అడిగి, బేరమాడి కొంటాడు. ఆదివారం ఒకసారి తాడులాగి స్టార్టు చేసి, ఫోటో తీయించుకుంటాడు. మర్నాటి నుంచి అది తోటపని చేసే మనిషి భుజానికెక్కుతుంది. పెట్రోలుదయితే ఏడెనిమిది కేజీల పైమాటే. దోటి గొట్టం తగిలిస్తే బరువు ఇంకా ముందుకి పోతుంది. బిందె చంకలో పెట్టుకోవడానికీ, అదే బిందె చెయ్యి చాచి పట్టుకోవడానికీ తేడా ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు.

చెవి దగ్గర ఆ ఇంజను చప్పుడు 95 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి ఎనిమిది గంటలు మించి ఉండకూడదనీ, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ గడువు సగానికి తగ్గించుకోవాలనీ అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క. ఆ ప్రకారం 94 దగ్గర గంట. 100 దగ్గర పావుగంట. మన తోటమాలి ఒక పూట నాలుగిళ్లు తిరుగుతాడు. అదురుడు సంగతి సరేసరి. ఏళ్ల తరబడి ఇలాంటి ఇంజన్లు పట్టుకున్నవాళ్ల వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు ఉంది. అడవుల్లో మరరంపాలు పట్టినవాళ్లలో వైద్యులు చూసిన జబ్బే అది.

మా వీధిలో నాలుగైదు ఇళ్లలో తోటపని చేసే పెద్దాయన ఉన్నాడు. ఒక ఇంటివాళ్లు కొన్న మిషనుతో గడ్డి కోస్తూంటే గులకరాయి లేచి కనుబొమ మీద తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. అంగుళం కిందికి దిగితే కన్ను పోయేది. కాళ్లకి రబ్బరు చెప్పులు, తలకి తువ్వాలు, అంతే ఆయన కవచం.

"అద్దాలు ఇవ్వలేదా తాతా?" అన్నాను.

"అద్దాలేంటమ్మా, మిషనే ఇచ్చారుగా" అన్నాడు.

ఎంత డబ్బు పోసి కొన్నారో వాళ్లే ఊరంతా చెప్పుకున్నారు. కంటికి అడ్డం పెట్టే ప్లాస్టిక్ అద్దాలకి అందులో వందో వంతు ఖర్చు కాదు. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడడమంటే ఇదే.

"అయితే ఏమంటావు? ముసలాయన జీవితాంతం గొంతుక్కూచుని కొడవలితో కోస్తూ ఉండాలా?" అని నన్ను దబాయించేవాళ్లుంటారు. కూచోమని నేననను. కొడవలి గురించి కవిత్వం చెప్పేవాళ్లు ఒక పూట దానితో గడ్డి కోసి చూడాలి. మోకాళ్లు పట్టేసే పని నుంచి మనిషిని తప్పించే యంత్రం మంచిదే. మోకాళ్లని తప్పించి చెవులూ కళ్లూ పుచ్చుకుంటే దాన్ని సుఖం అనడానికి నాకు నోరు రాదు.

కొనదలుచుకున్నవాళ్లకి ఆడదాని లెక్క ఒకటి చెబుతాను, వినండి. షాపుకి వెళ్లేముందు కాగితం మీద ఏడాది పొడుగునా పెరట్లో ఏ పని ఎన్నిసార్లు పడుతుందో రాయండి. కొమ్మ నరకడం ఏడాదికి రెండుసార్లయితే దానికి మంచి చేతి రంపం చాలు. మల్లెకీ మందారానికీ చేతి కత్తెర. కలుపుకి బొరిగె. ఆకులు ఊడ్చడానికి కొబ్బరి చీపురు. ఊడ్చిన ఆకులు గోతిలో వేస్తే ఎరువు. గాలి మిషనుతో ఆకుల్ని తరిమితే అవి పక్కింటికీ, దుమ్ము మీ పిల్లల ముక్కుల్లోకీ వెడతాయి. వాషింగ్టన్ నగరంలో పెట్రోలు గాలిమిషన్లని 2022 జనవరి నుంచి నిషేధించారు. వాళ్లు విసిగి వదిలించుకున్నదాన్ని మనం ముచ్చటపడి తెచ్చుకోవడమెందుకు?

అరెకరం, ఎకరం కొబ్బరితోటో మామిడితోటో ఉందంటే మాట వేరు. వానాకాలంలో నడుమెత్తు గడ్డి మనిషి కోయలేడు. అప్పుడు గడ్డి కోసే మిషను కొనండి, గడ్డి కోయడానికే కొనండి. రెండు భుజాలకీ తగిలే పట్టీలుండాలి, రాళ్లు ఆపే రేకు ఉండాలి, చెయ్యి తియ్యగానే జోరు తగ్గాలి. మరమ్మతు మీ ఊళ్లోనో పక్క టౌన్లోనో దొరకాలి. టూ స్ట్రోక్ ఇంజనయితే పెట్రోలులో నూనె కలపాలి. 50కి ఒక పాలు అని రాస్తే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25కి ఒకటంటే 40. ఈ కొలత వాడేవాడికి చెప్పకుండా ఉత్త పెట్రోలు పోయిస్తే ఇంజను బిగుసుకుపోతుంది, తిట్లు మటుకు తోటమాలికి పడతాయి. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తోంది. అది తేమ పీలుస్తుంది గనక నెలల తరబడి ట్యాంకులో వదిలెయ్యకండి.

బ్యాటరీది చప్పుడు తక్కువ, పొగ లేదు, చిన్న పెరటికి అదే మర్యాద. దాని మీద వేసే అంకెల్లో కూడా మాయ ఉంది. 18 వోల్టులని ఒకరూ 20 వోల్టులని ఒకరూ అమ్మేవి సాధారణంగా ఒకటే. నిండా ఛార్జి అయినప్పటి లెక్క ఒకరిది, వాడుకలో ఉండే లెక్క ఒకరిది. వోల్టుల్ని ఆంపియర్ అవర్స్‌తో హెచ్చవెయ్యండి. 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్స్ అయితే 72 వాట్ అవర్స్. ఆ సంఖ్య చూసి పోల్చుకోండి, డబ్బా మీద సింహం బొమ్మ చూసి కాదు.

ఇన్ని చెప్పినా ఐదు తలల మిషనే కావాలంటారా? కొనుక్కోండి, మీ డబ్బు మీ ఇష్టం. ఒక్క షరతు మాత్రం పెడతాను. కొనేరోజు పని చేసే మనిషిని కూడా షాపుకి తీసుకువెళ్లండి. ప్రతి తలా తగిలించి పది నిమిషాలు ఆయన చేతికివ్వండి. తోట పెంచేది ఇంటావిడయితే ఆవిడ చేతికివ్వండి. బరువుందంటే బరువుందనే అర్థం, "అలవాటవుతుందిలే" అనకండి. అద్దాలు, చెవులకి మూతలు, బూట్లు అదే బిల్లులో వేయించండి. వాటికి డబ్బు లేదంటే మిషనుకీ లేదనుకుని ఇంటికి వచ్చెయ్యండి. ఎవరి భుజాన వేలాడుతుందో వాళ్లు ఊఁ అన్న తరవాతే జేబులో చెయ్యి పెట్టాలి.