గాజుల పక్కన ఫిట్‌నెస్ బ్యాండ్

ఉగాది పోయినప్పటి నుంచి మన ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న మూడుసార్లు వచ్చింది. "అమ్మకి చేతికి కట్టుకునే ఫిట్‌నెస్ బ్యాండ్ తీసియ్యాలని ఉంది, చూడ్డానికి బాగుండాలి, ఏది మంచిది?" నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని కదా, అందరూ నన్నే అడుగుతారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టేదానికంటే ఇక్కడ రాస్తే అందరికీ ఉంటుంది. చదివింది కన్నడ మీడియం, నా తెలుగులో కోలారు వాసన వస్తే సర్దుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. అందంగా ఉండే బ్యాండే కొనండి. అది చూపించే అంకెల్లో ఒకటి రెండిటినే పట్టించుకోండి. షుగర్ కూడా చూపిస్తానని చెప్పే బ్యాండు జోలికి మాత్రం పోనే పోవద్దు.

అందం షోకు కోసం కాదు. నల్ల రబ్బరు పట్టీ ఉన్న బ్యాండు మన ఆడవాళ్ల చేతికి రెండు రోజులుంటుంది. మూడో రోజు ఎవరిదో పెండ్లో, గృహప్రవేశమో వస్తుంది, తీసి బీరువాలో వెండి గిన్నె పక్కన పెడతారు, అంతే. ఈ వస్తువుకి తెలిసిన విద్య ఒక్కటే: ఈ రోజుని పోయిన నెల రోజులతో పోల్చి చూపించడం. మధ్యలో పది రోజులు బీరువాలో ఉంటే పోల్చేదానికి ఏమీ మిగలదు. పట్టుచీర మీదకి కూడా తీయకుండా ఉంచుకునేలా ఉంటే, అదే దాని మొదటి గుణం.

అయితే అందానికి వెల ఉంది, డబ్బు ఒక్కటే కాదు. ఉదాహరణకి ఫిట్‌బిట్ కంపెనీ 2021లో లక్స్ అని ఒకటి తెచ్చింది. స్టీలు చట్రం, బంగారు రంగు, సన్నగా, నగలాగా ఉంటుంది. అదే కంపెనీ అంతకుముందు ఏడాది తెచ్చిన ఇన్‌స్పైర్ 2 సాదా ప్లాస్టిక్కు, ధర తక్కువ. కంపెనీ లెక్క ప్రకారమే సాదా దానికి చార్జింగు పది రోజులు వస్తుంది, నగలాంటిదానికి ఐదు రోజులు. రంగుల తెర తినేస్తుంది మరి. లక్స్‌లో సొంత జీపీఎస్ లేదు, ఎంత దూరం నడిచామో సరిగ్గా తెలియాలంటే ఫోను కూడా మోసుకుపోవాలి. ఎన్ని మెట్లు ఎక్కామో అది లెక్కపెట్టదు. తెర సన్నం కాబట్టి అక్షరాలు కూడా సన్నం. చత్వారం వచ్చిన అమ్మకి ఇచ్చేది మనం, గుర్తుంచుకోండి.

ఇంకో చిక్కు గాజులతో. బ్యాండు కింద పచ్చ లైటు వెలుగుతుంటుంది చూడండి, అదే గుండె లెక్క పట్టేది. రక్తం పచ్చ వెలుగుని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంది, దాన్నిబట్టి తిరిగొచ్చే వెలుగు మారుతుంది. బయటి వెలుతురు దూరితే లెక్క చెడుతుంది. అందుకే మణికట్టు ఎముకకి ఒక వేలెడు పైన, చర్మానికి ఆనుకుని ఉండాలంటారు. సరిగ్గా అక్కడే మనవాళ్ల గాజులుంటాయి! నగలాగా ఉంది కదా అని గాజులాగే వదులుగా వేసుకుంటే లెక్క తప్పుతుంది. గాజులు తక్కువున్న చేతికి కట్టడం మేలు. మన అవ్వల కాలంవాళ్లకి ముంజేతి మీద పచ్చబొట్టు ఉంటుంది. ఆ రంగు కూడా వెలుగుని అడ్డుకుంటుంది, పొడిపించుకోని చేతికే కట్టాలి.

ఇక అడుగులు. ఇక్కడే నాకు అన్నింటికంటే బేజారు. ఇంట్లో ఉన్న బ్యాండు, కంపెనీ పేరు ఎందుకులెండి, దాన్ని నా పని పద్ధతిలో పరీక్ష చేశాను. మిద్దె మీద చేతులు ఊపుకుంటూ నూరడుగులు నడిస్తే రెండు మూడు అటూ ఇటూ, బాగా పట్టింది. అదే చేత్తో నడుము మీద బిందె పట్టుకుని నూరడుగులు నడిస్తే సగం కూడా ఎక్కలేదు. కింద కూర్చుని చపాతీలు ఒత్తితే మాత్రం ఊరికే అడుగులు కలుపుకుంటూ పోయింది. ఇందులో మాయ ఏం లేదు, అది చూసేది చేతి ఊపు, కాలి నడక కాదు. పార్కులో చేతులూపుతూ నడిచేవాళ్లకి చేసిన వస్తువు. మన అమ్మలు పార్కుకి ఎప్పుడు పోతారు?

పొద్దున ఐదుకి లేచి, కళ్లాపి చల్లి, ముగ్గేసి, ముద్ద కెలికి, ఒంగి లేచి, బట్టలు పిండి, మిద్దెక్కి ఆరేసి వచ్చి మనిషి కూర్చుంటుంది. అప్పుడు చెయ్యి జుమ్మంటుంది: లేచి నడవండి అని. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన కొడుకు ఫోను చూసి "ఏందమ్మా, రెండు వేలే అయింది" అంటాడు. ఆ మాట నేను రెండిళ్లలో విన్నాను. బరువెత్తడం, పిండడం, రుద్దడం ఇవేవీ ఆ రెండు వేలల్లో సరిగ్గా లేవు. తక్కువ చూపించిన అంకె పట్టుకుని అమ్మని తక్కువ చేయొద్దు.

ఆ పదివేలు అనేది కూడా డాక్టర్లు తేల్చిన లెక్క కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మారు, దాని పేరుకే 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, ఊపు మీదున్న జనానికి అమ్మిన సరుకు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్లున్న 16,741 మంది ఆడవాళ్ల లెక్కలు చూస్తే, రోజుకి 2,700 అడుగులవాళ్ల కంటే 4,400 అడుగులవాళ్లలో చావులు బాగా తక్కువ. 7,500 దాటాక పెద్ద తేడా కనబడలేదు. అవ్వకి, పెద్దమ్మకి పదివేలు అని పెట్టి భయపెట్టే పని లేదు, సెట్టింగుల్లోకి పోయి తగ్గించండి.

క్యాలరీల గురించి ఎక్కువ రాయను. 2017లో స్టాన్‌ఫర్డ్‌వాళ్లు ఏడు రకాల బ్యాండ్లు పరీక్షిస్తే, ఆరింటిలో గుండె లెక్క తప్పు ఐదు శాతం లోపలే ఉంది. క్యాలరీల్లో అన్నింటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పు. కాబట్టి ఆ లెక్క చూసి ముద్ద సైజు తగ్గించకండి. ఊరికే కూర్చున్నప్పటి గుండె వేగం మాత్రం చూడాల్సిందే. వారాల తరబడి ఒకేలా ఉండి, ఉన్నట్టుండి పెరిగి అలాగే నిలబడితే డాక్టరు దగ్గరికి పోవడానికి అదొక కారణం. అడుగులు కూడా అంతే, అమ్మ పోయిన నెలతో అమ్మ ఈ నెల పోల్చాలి, పక్కింటావిడతో కాదు.

షుగర్ సంగతి. మన పెద్దవాళ్లలో ఒకరు ఆన్‌లైన్‌లో చవకగా ఒక బ్యాండు తెప్పించి, సూది గుచ్చకుండానే షుగర్ తెలుస్తోందని వేలికి గుచ్చుకోవడం మానేశారు. నేను ఊరికి పోయినప్పుడు దాన్ని చుట్టిన తువ్వాలుకి కట్టాను. తువ్వాలుకి కూడా షుగర్ చూపించింది, అదీ నార్మల్! ఆయన నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ అంకె చూసి మాత్ర మానేసినా, ఇన్సులిన్ ఎక్కువ తీసుకున్నా ప్రాణం మీదకి వస్తుంది. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది: చర్మం గుచ్చకుండా తనంతట తానే షుగర్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని. ఒంట్లో సన్నని సెన్సరు గుచ్చుకుని, దాని లెక్కని వాచీలో చూసేది వేరే సంగతి.

కొనే ముందు షాపులోనే ఒక పని చేయండి. తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి మెసేజ్ పంపి చూడండి. కొన్ని బ్యాండ్లలో మన అక్షరాలు రావు, డబ్బాలు డబ్బాలుగా కనబడతాయి. ఏ ఫీచర్లకి ఏడాదికి చందా కట్టాలో కూడా అప్పుడే అడగండి.

అడిగిన ముగ్గురిలో ఇద్దరికి నా జవాబు: కొనండి, బంగారు రంగుదే. మూడో ఇంట్లో చిన్నాయనకి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, అక్కడ ముందు చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ మిషను, గ్లూకోమీటరు స్ట్రిప్పులు తీసియ్యండి, డబ్బు మిగిలితే బ్యాండు. చార్జింగు మర్చిపోతారని భయపడొద్దు. మంగళవారం, శుక్రవారం తలకు పోసుకోవడానికి పోయేటప్పుడు తీసి పెట్టమనండి, జుట్టు ఆరేలోపల చాలావరకు నిండిపోతుంది.