మామ్మను తెలుగులో అడగండి

బరంపురంలో బజారు బేరం ఒడియాలో, ఇంటి కబుర్లు తెలుగులో సాగించే పెద్దవాళ్లు ప్రతి మాటకూ రెండో భాషను అదుపులో పెట్టుకోవాలి. ఆ అదుపు ఎక్కువగా మెదడు ముందుభాగం పని. మతిమరుపు జబ్బు (డిమెన్షియా) తొలిదశలోనే అది సడలవచ్చు. అయితే హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించింది: ఒకే భాష వచ్చినవారికంటే ఒకటికంటే ఎక్కువ భాషలు వచ్చినవారిలో జబ్బు 4.5 ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది! అలాగని జబ్బు రాదని కాదు; వచ్చిందేమో చూసేటప్పుడు ఏ భాషలో అడుగుతున్నారన్నదీ ముఖ్యమే. 1936లో బరంపురం ఉన్న గంజాం ఒడిశాలో కలిసినా ఇంట్లో తెలుగే నిలుపుకున్న కుటుంబపు మామ్మను ఒడియాలోనే ప్రశ్నిస్తే, తడబడింది జ్ఞాపకమో భాషో ఎలా తెలుస్తుంది? బరంపురంలోని ఎంకేసీజీ ఆసుపత్రికి తీసుకెళ్లినా, వీధి చివరి డాక్టరుకు చూపించినా, జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో చేయమని అడగండి.