‘హక్’ ఒక్కటే.. జర్మన్ చట్టంలో అర్థాలు రెండు

2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కాక దేశం విడిచి జర్మనీ చేరిన అఫ్గాన్లలో రచయితలు, గాయకులు కూడా ఉన్నారు. ఆశ్రయం కేసులకైతే దరీ నుంచి జర్మన్‌కు తర్జుమా చేసే దుబాసీలు దొరుకుతారు. చిక్కంతా ఆ తర్వాతే. పుస్తకం ఒప్పందం, పాట రికార్డింగ్, దుకాణం పేరు మీద తగాదా.. ఇవన్నీ మేధో సంపత్తి చట్టం కిందికి వస్తాయి. అక్కడ రెండు భాషలు వస్తే చాలదు.

జర్మన్ చట్టంలో రచయిత హక్కును ‘ఉర్‌హేబర్‌రెష్ట్’ అంటారు. రచయిత బతికున్నంత కాలం దాన్ని ఎవరికీ అమ్మడం కుదరదు. ఆయన పోయాక కూడా 70 ఏళ్లు వారసులకు ఉంటుంది. ప్రచురణకర్తకు ఇచ్చేది ‘నుట్‌సుంగ్స్‌రెష్ట్’, అంటే వాడుకునే హక్కు మాత్రమే. దుబాసీ రెండింటినీ ‘హక్’ అనేస్తే? ‘మీ హక్ వాళ్లకు ఇచ్చేస్తున్నారు’ అని విన్న రచయిత బెదిరిపోయి మంచి ఒప్పందం వదులుకోవచ్చు. లేదా అంతా పోయిందనుకుని, రావలసిన డబ్బు కూడా అడగకుండా ఊరుకోవచ్చు. హక్, వకీల్ లాంటి మాటలు ఉర్దూ ఇళ్లలోనూ వినేవే కాబట్టి అర్థమైపోయినట్టే అనిపిస్తుంది. కానీ అఫ్గానిస్తాన్‌లో ‘వకీల్’ అంటే పార్లమెంటు సభ్యుడు కూడా!

కేసు కోర్టుకెక్కితే కొంత నయం. జర్మన్ రానివారి కోసం దుబాసీని పిలిపించడం కోర్టు బాధ్యత. క్రిమినల్ కేసులో నిందితుడికి ఇది ఉచితం. సివిల్ కేసులో ఆ ఖర్చు మామూలుగా ఓడినవారి నెత్తిన పడుతుంది.

అసలు ప్రమాదం కోర్టుకు ముందే వస్తుంది. దాని పేరు ‘అప్‌మానుంగ్’. ట్రేడ్‌మార్క్ యజమాని తరఫు లాయరు పంపే నోటీసు ఇది. గడువు చాలాసార్లు కొద్ది రోజులే. దాంతోపాటు ఒక హామీపత్రం ఉంటుంది. సంతకం పెట్టాక అదే తప్పు మళ్లీ జరిగితే జరిమానా కట్టాల్సిందే. ఈ దశలో కోర్టు ఎవర్నీ పంపదు. బడికెళ్లే పిల్లాడే అమ్మానాన్నలకు దుబాసీ అవుతాడు.

ప్రమాణం చేసిన దుబాసీల జాబితాను జర్మన్ రాష్ట్రాల న్యాయశాఖలు ఆన్‌లైన్‌లో ఉంచాయి. భాషను బట్టి వెతుక్కోవచ్చు. కానీ ఆ ప్రమాణం చట్టభాష వచ్చని చెబుతుందే తప్ప ట్రేడ్‌మార్క్ కేసులు తెలుసని చెప్పదు. అది ఫోన్‌లోనే అడిగి తేల్చుకోవాలి. ఇరాన్ ఫార్సీయా, దరీయా అన్నదీ అడగాలి. ఒప్పందం రాతలో తర్జుమా కావాలంటే రాతపని చేసే అనువాదకుణ్ణి విడిగా చూసుకోవాలి. నోటితో చెప్పే దుబాసీకైనా ఆ కాగితాలు ముందురోజే అందాలి. గదిలో కూర్చున్నాక మొదటిసారి చూస్తే ఆయన నోటి నుంచి కూడా ‘హక్’ అన్న మాటే వస్తుంది.