రంగు పూసిన లేతు బాగుపడ్డ లేతు కాదు

మన కుటుంబాల వాట్సాప్ గుంపుల్లో ఈమధ్య ఒక రకం ఫోటో తరచుగా తిరుగుతా ఉంది. తాతలనాటి లేతు. ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతుంటుంది. చక్కులో ముఖం చూసుకోవచ్చు. హ్యాండిల్ చక్రానికి బంతిపూల దండ. కింద "మా వారసత్వాన్ని నిలబెట్టినాం" అని ఒక మాట. ఇక చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పడతాయి. అట్లాంటి ఫోటో వచ్చినప్పుడల్లా మేము ఒకటే అడుగుతున్నాం: ఇది కమ్మీని ఎంత నిక్కచ్చిగా కోస్తుంది? ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నామో ఇక్కడ వివరంగా రాస్తున్నాం, కోపం వస్తే చివరిదాకా చదివి తర్వాత తిట్టండి.

లేతు పని ఒక్కటే: లోహాన్ని గుండ్రంగా, నిటారుగా, చెప్పిన కొలతకు కోయడం. ఆ పని చేస్తే లేతు, చెయ్యకపోతే బరువైన ఇనుము. పాత లేతుని బాగుచేయడం అంటే దాని నిక్కచ్చితనాన్ని ఒక అంకెగా చెప్పగలిగే స్థితికి తేవడం అని మేము నమ్ముతాం. మన కోవిల్‌పట్టి, విరుదునగర్ పక్క పాత లేతులకు ఇద్దరు శత్రువులు ఉన్నారు. ఒకరు కిలో లెక్కన తూకం వేసి కొనుక్కుపోయేవాళ్ళు. వాళ్ళది వ్యాపారం, దాపరికం లేదు. రెండోవాళ్ళు ప్రేమతో రంగు పూసి వాకిట్లో నిలబెట్టేవాళ్ళు. వాళ్ళు మనవాళ్ళే, అందుకే తగువు వాళ్ళతోనే.

ముందు, ఇంటి చరిత్ర రాసుకునే ఈ చోట ఇనుము సంగతి ఎందుకని కొందరు పెద్దలు అడుగుతున్నారు. కులదైవం గురించి, ఇంటిపేర్ల గురించి, 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన కట్టబొమ్మన గురించి మనం ఎన్నోసార్లు రాసుకున్నాం. మంచిదే. కానీ నాయకరాజుల కాలంలో దక్షిణానికి వచ్చినామని చెప్పుకునే మన వాళ్ళలో రాజులెందరు, సేద్యగాళ్ళెందరు? కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో 'గోపల్ల గ్రామం' రాసినప్పుడు తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్ళు అడవి కొట్టి ఈ కరిసల్ నేలను పొలం చేసిన కథ చెప్పారు. కిరీటాల కథ చెప్పలేదు. మనం ఆ పుస్తకాన్ని అరవంలో చదివి మురిసిపోతాం. అందులో ఉన్న చాకిరీని మాత్రం మన వంశవృక్షంలో రాసుకోం.

నాగలి తర్వాత ఆ చాకిరీ చేసింది లేతే. ఊళ్ళో దాన్ని 'కడైసల్ పట్టరై' అంటారు. కోవిల్‌పట్టి నూలుమిల్లుల రోలర్లు, అగ్గిపెట్టెల కర్మాగారాల్లో అరిగిన బుష్షులు, విరుదునగర్ నూనె మిల్లుల ఇరుసులు, బావి పంపుల షాఫ్టులు, అన్నీ ఆ పట్టరైల్లోనే ప్రాణం పోసుకున్నాయి. వాన రాని ఏడాది మోటారు షాఫ్టు రాత్రికి రాత్రి తయారైతేనే తోట బతికింది. లోహాన్ని తిప్పి కోసే విద్య మనకు పరాయిది అసలే కాదు. చెక్కను తిప్పి చెక్కే యంత్రానికి తెలుగులో తరిమెన అనే పాతమాట ఉంది. ఏటికొప్పాక బొమ్మలు, చెన్నపట్టణ బొమ్మలు ఆ పద్ధతిలో పుట్టినవే.

కోయంబత్తూరు వైపు చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. పీళమేడులో 1926లో మొదలైన పి.ఎస్.జి. ధర్మసంస్థ పేరు మోసిన లేతులు దక్షిణాది వర్క్‌షాపుల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. 1937లో బాలసుందరం నాయుడు గారు, జి.డి. నాయుడు గారు కలిసి దేశంలోనే ఎలక్ట్రిక్ మోటారు తయారు చేసి చూపించినారు. ఇళ్ళల్లో తెలుగు మాట్లాడిన కుటుంబాలు ఇవి. వాళ్ళ గొప్పతనం గురించి పెళ్ళిళ్ళలో ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళం, వాళ్ళు నమ్మిన యంత్రాన్ని ఆటోలో వేసి ఇనుప కొట్టుకి పంపుతున్నాం. అదేం లెక్క?

ఇక మా లేతు సంగతి. కోవిల్‌పట్టిలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో ఉంది. హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్ వాళ్ళు పోత పోసినది. ఈ రాత రాస్తున్న చెయ్యి దావణగెరెలో కన్నడ మీడియంలో చదువుకుంది, హరిహర్ అక్కడికి కూతవేటు దూరం. కన్నడ అక్షరాలు నేర్చినవాళ్ళకు తెలుగు అక్షరాలు పినతల్లి పిల్లల్లాంటివి, అట్లాగే పెద్దయ్యాక ఈ లిపి పట్టుబడింది. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. స్క్రీన్ ఎంత అందంగా ఉన్నా, పరీక్ష రాసి, నడిపి, ఫలితం నమోదు చేసేదాకా 'పాస్' అనం. లేతుకి కూడా ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. బెర్లిన్‌లో ప్రొఫెసర్ గేయార్గ్ ష్లెసింగర్ 1927లోనే యంత్రాల పరీక్షా పట్టికల పుస్తకం వేశారు. ఏ భాగాన్ని ఎక్కడ కొలవాలి, ఎంత తేడా దాకా ఒప్పుకోవచ్చు అని అందులో గీతలతో సహా ఉంది. ఈనాటికీ లేతు పరీక్షలకు మూలం అదే.

మేము రంగు డబ్బా కొనలేదు. ముందు చేసిన పని నేల తవ్వడం. కరిసల్ నేల గుణం మీకు తెలుసు: ఐప్పసి వానకి ఉబ్బుతుంది, చిత్తిరై ఎండకి చెయ్యి దూరేంత బీట వారుతుంది. అలాంటి నేల మీద ఉట్టి సిమెంటు గచ్చు వేసి లేతు పెడితే ఏడాదికి రెండుసార్లు బెడ్ మెలి తిరుగుతుంది. మూడు అడుగుల నల్లమట్టి తీసేసి, మొరం పోసి దిమ్మిస చేసి, దాని మీద కాంక్రీటు వేసినాం. తర్వాత మీటరుకు 0.02 మి.మీ. తేడా పట్టే లెవెల్ తెచ్చి బెడ్ మీద అడ్డంగా పెట్టి చూసినాం, హెడ్‌స్టాక్ దగ్గర ఒకసారి, టెయిల్‌స్టాక్ చివర ఒకసారి. బుడగ రెండు చోట్లా ఒకే తావులో నిలవలేదు. అంటే బెడ్ మెలి తిరిగి ఉంది.

ఇప్పుడు రంగు భక్తులు వినాల్సిన మాట. చక్కు దగ్గర అడుగు పొడవున బెడ్ అరిగింది. కొలిస్తే క్యారేజ్ అక్కడ 0.09 మి.మీ. దిగుతోంది. చూసినవాళ్ళందరూ "కోయంబత్తూరు పంపి గ్రైండింగ్ పట్టించండి" అన్నారు. లెక్క వేసి చూసినాం. కత్తి నిలువుగా అంత దిగినా 25 మి.మీ. కమ్మీ వ్యాసంలో వచ్చే తేడా ఒక మైక్రాన్ కూడా ఉండదు. అదే కత్తి పక్కకి 0.05 మి.మీ. జరిగితే వ్యాసంలో 0.1 మి.మీ. తేడా పడుతుంది. పక్కకి జరిపేది ఎక్కువగా ఆ మెలికే. కమ్మీని చక్కులో ఒకవైపే బిగించి, 150 మి.మీ. దూరంలో రెండు పట్టీలు ఒకే కోతతో కోసి మైక్రోమీటరు పెట్టినాం. తేడా 0.06. కాళ్ళ కింద పల్చటి షిమ్ రేకులు పెట్టి మెలిక తీసి మళ్ళీ కోసినాం. తేడా 0.01. గ్రైండింగ్ ఖర్చు మిగిలింది, షిమ్ రేకుల ఖర్చు ఒక పూట టిఫిన్ అంత. ఇట్లాంటి సంగతి ఏ రంగూ చెప్పదు, కొలత ఒక్కటే చెబుతుంది.

గ్రైండింగ్ తప్పనిసరి అయ్యే లేతులు ఉన్నాయి, కాదనం. అప్పుడు కూడా బెడ్ ఎంత తగ్గితే క్యారేజ్ అంత కిందికి దిగుతుంది, లీడ్‌స్క్రూ వంగే ప్రమాదం వస్తుంది, దానికి క్యారేజ్ కింద సరిపడా మందం పట్టీ అతికించాలి. ఇవన్నీ తెలిసిన ఫిట్టరు కావాల. అట్లాంటి ఫిట్టర్లు విరుదునగర్‌లో, సాత్తూరులో ఇంకా ఉన్నారు, డెబ్భై దాటినవాళ్ళు. రంగు వేయించే డబ్బుతో వాళ్ళని రెండు రోజులు పిలిపించండి. పక్కన ఇంట్లో పిల్లవాణ్ణి కూర్చోబెట్టండి.

ఇంకొక దారుణం కూడా చెప్పాల. మెరుపు కోసం యాంగిల్ గ్రైండరు పట్టి బెడ్ మీద తుప్పు తీసినవాళ్ళు ఉన్నారు. వందేళ్ళ వాడకం చెయ్యని చెడుపు ఆ చక్రం పది నిమిషాల్లో చేస్తుంది. తుప్పుకి కిరసనాయిలు, పాతగుడ్డ, ఓపిక చాలు. రంగు వేయాలంటే వేయండి, తప్పేమీ లేదు. చివర్న వేయండి, జారే తావుల మీద, నూనె రంధ్రాల మీద పడకుండా వేయండి. నూనె రంధ్రం మూసుకున్న లేతు ఎంత ముద్దుగా ఉన్నా నాలుగు నెలల్లో బేరింగు మాడ్చుకుంటుంది.

మీ అభ్యంతరాలు మాకు తెలుసు. "సి.ఎన్.సి. వచ్చినాక దీంతో ఏం పని?" ఒకే వస్తువు వెయ్యి కావాలంటే సి.ఎన్.సి. దగ్గరికే పోవాల. పెదనాయన తోటలో అరిగిన ఒక్క బుష్షు కావాలంటే దానికోసం ప్రోగ్రాం రాసే నాథుడు లేడు. అక్కడ పాత లేతే దిక్కు. "ఇంట్లో మూడు ఫేజుల కరెంటు లేదు కదా?" మూడు హార్స్‌పవర్ లోపు మోటార్లు మన దేశంలో మామూలుగా స్టార్ కట్టులో వస్తాయి. లోపల తీగల చివరలు బయటికి ఉంటే డెల్టాకి మార్చి, ఇంటి 230 వోల్టుల కరెంటు తీసుకునే డ్రైవ్ పెడితే తిరుగుతుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ చెయ్యాల్సిన పని, మీరు చెయ్యి పెట్టొద్దు. "పిల్లలున్న ఇల్లు, ప్రమాదం" అంటారు. నిజమే. మా కొట్టంలో మెయిన్ స్విచ్చికి తాళం ఉంది. చేతికి గ్లవుజులు, మెడలో కండువా, వదులు చీరకొంగు లోపలికి రావు. చక్కు తాళంచెవి చక్కులో వదిలేసి ఎవరూ కదలరు. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో జాగ్రత్త నేర్పినట్టే ఇదీ.

"ఇనుప కొట్టువాడు మంచి రేటు ఇస్తున్నాడు" అన్న మాట అన్నిటికంటే ఎక్కువ వింటున్నాం. విరుదునగర్‌లో ఒక కొట్టువాళ్ళు మా లేతుని చూడకుండానే ఫోన్లోనే కిలో రేటు చెప్పినారు. చూడకుండా చెప్పగలగడమే ఆ రేటు సంగతి ఏమిటో చెబుతోంది. తూకానికి నిక్కచ్చితనం కనిపించదు. ఒక మాట మాత్రం ఒప్పుకోవాల: బెడ్ పగిలినా, హెడ్‌స్టాక్ గూడు చీలినా, దానికి సరిపడే భాగాలు ఎక్కడా దొరక్కపోయినా ఆ లేతుని పోనివ్వండి. పోత ఇనుము కొలిమికి పోయి ఇంకొకటిగా పుడుతుంది. సాగనంపడంలో అవమానం లేదు. పనిచేసేదాన్ని కొలవకుండా చంపడంలోనే ఉంది.

మన భాషకు కూడా ఇదే గతి పట్టించినాం, చెప్పకుండా ఉండలేం. మండపంలో బ్యానరు తెలుగులో, శుభలేఖ తెలుగులో, అంతా రంగే. తాత వర్క్‌షాపులో "కొంచెం వదులు చెయ్యరా, పట్టేసింది" అని కొడుక్కి చెప్పిన తెలుగు మాత్రం మనవడికి రాదు. పని ఆగిన తావులో మాట నిలవదు. కొట్టంలో లేతు తిరిగితే, దాని పక్కన నిలబడ్డ పిల్లలు బిగింపు, వదులు, అరుగుదల, మెలిక, అంచు అనే మాటలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటారు. మా ఇంట్లో అట్లాగే జరుగుతా ఉంది.

అందుకే మన కుటుంబాలకు ఒక ప్రతిపాదన. కొట్టంలో, తోటలో, మూతపడ్డ షెడ్డులో లేతు ఉన్నవాళ్ళు అమ్మే ముందు, రంగు వేసే ముందు మూడు పరీక్షలు చేయించండి: బెడ్ రెండు చివర్ల లెవెల్, స్పిండిల్ తిరిగేటప్పుడు డయల్ గేజ్‌లో ఊగిసలాట, రెండు పట్టీల కోత. స్పిండిల్ ఊగిసలాట 0.01 మి.మీ. లోపు ఉంటే పండగ చేసుకోండి. ఆ అంకెలను తేదీతో ఒక అట్ట మీద రాసి లేతుకే కట్టండి. వానల ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి మళ్ళీ కొలవండి. ఇకమీదట గుంపులో లేతు ఫోటో పెట్టేవాళ్ళు పక్కన ఆ అట్ట ఫోటో కూడా పెట్టండి. మేము మొదలుపెడుతున్నాం. మా కొట్టంలో అట్ట మీద ఈ మార్గళి నెల అంకెలు ఇవి: మెలిక మీటరుకు 0.02, స్పిండిల్ 0.01, రెండు పట్టీల తేడా 0.01. మీవి రాయండి.